లక్డారం మట్టిదారికి అడ్డంగా ఒక తాడు

అక్క కాలికి వేసిన పిండికట్టు ఆ రోజు విప్పించాలి. ఎముకల డాక్టరు సంగారెడ్డిలో ఒంటిగంట వరకే చూస్తాడు. అతుక్కున్న ఎముక ఇంకా గట్టిపడలేదు, కుదుపు తగలనివ్వొద్దని గట్టిగా చెప్పాడట. బావకు కంపెనీలో సెలవు దొరకలేదు. అందుకని తొంభైల్లో ఒక వానాకాలపు ఉదయం ఏడింటికి మెహదీపట్నంలో సంగారెడ్డి బస్సెక్కాను.

పక్క సీట్లో ఒకాయన టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని గాఢంగా నిద్రపోతున్నాడు. పటాన్‌చెరు ఫ్యాక్టరీలు రాగానే కండక్టరు ఆయన భుజం తట్టి, “లేవరాదే, నీ కంపెనీ వాసనొచ్చింది” అన్నాడు. బస్సంతా నవ్వింది. ఆయన కూడా నవ్వుకుంటూనే దిగిపోయాడు.

ఇస్నాపూర్ చౌరస్తాలో దిగి చాయ్ తాగి ఆటో మాట్లాడాను. అక్క వాళ్ల ఊరు లక్డారం వెళ్లి, ఆమెను ఎక్కించుకుని సంగారెడ్డి పోయి, మళ్లీ ఇంటి దగ్గర దింపాలి. డ్రైవరు సలీం రెండు వందలు అడిగితే నూట అరవైకి దించాను. బేరంలో గెలిచిన హుషారు తలకెక్కింది.

హైవే దిగగానే మట్టిదారికి అడ్డంగా ఒక తాడు ఉంది. అక్కడంతా రేగడి నేల. వాన పడితే లారీ చక్రాలకు దారంతా గుంతలు పడిపోతుంది. అందుకని ఊరి యువజన సంఘం వాళ్లు మొరం పోసి, ట్రాక్టరు వెనక రైలు పట్టా ముక్కను అడ్డంగా కట్టి ఈడ్చి, నేల చదును చేస్తారు. ఆ ఖర్చు వచ్చేపోయే బండ్ల మీదే. సైకిలుకు ఏమీ లేదు. స్కూటరుకు రూపాయి, ఆటోకు రెండు.

తాడు దగ్గర యాదయ్య అనే మనిషి ఉన్నాడు. రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, ఒంటి మీద కంపెనీ నీలం చొక్కా అలాగే ఉంది.

“ఆటోకు రెండు రూపాయలు సార్. ఇయ్యాల పట్టా గుంజుతున్నం. డీజిల్ పోయించాలె.”

దారి వైపు చూశాను. కనిపించినంత మేర గుంతలే.

“ముందు బాగు చెయ్యండి, తర్వాత అడగండి. సర్కారు దారికి తాడు కట్టడానికి మీరెవరు?”

నా గొంతు కొంచెం పెద్దది. వెనక ఆగిన స్కూటర్ల వాళ్లూ, పాల వ్యాను డ్రైవరూ విన్నారు. “సారు చెప్పింది నిజమే గద” అన్నారెవరో.

“ముందుగాల పైసలొస్తేనే గద సార్ డీజిల్. డీజిలుంటేనే గద పట్టా గుంజుడు” అంటూనే యాదయ్య తాడు వదిలేశాడు. నా వెనకవాళ్లు కూడా ఏమీ ఇవ్వకుండానే వచ్చేశారు. నాకది సంతోషంగా అనిపించింది. సలీం మాత్రం అద్దంలోంచి నన్నొకసారి చూసి గేరు వేశాడు.

అక్క అప్పటికే తయారై అరుగు మీద కూర్చుని ఉంది. “రా తమ్మీ, గీ మొద్దును మోసి మోసి పరేషానైన” అంది. భోజనం చేసి పొమ్మంటే వద్దని, పదకొండింటికి బయల్దేరదీశాను.

ఊరి నుంచి సగం దూరం దారి అరచేతిలా ఉంది. అంతలో దారి పక్కన ట్రాక్టరు ఆగి కనిపించింది. రైలు పట్టా మట్టిలో పడి ఉంది. “డీజిల్ ఒడిసింది” అన్నాడు దాని డ్రైవరు. అక్కడి నుంచి హైవే దాకా పొద్దున నేను చూసిన గుంతలే. మొదటి గుంతలో చక్రం దిగగానే అక్క నా మణికట్టు పట్టుకుంది. రెండోదానికి, “ఆపుమను తమ్మీ” అంది. ఆమె పెదాలు తెల్లబడ్డాయి.

నేను దిగి తాడు దాకా నడిచాను. ఎంత డీజిల్ కావాలని యాదయ్యను అడిగాను.

“అయిదు లీటర్లయితే చాలు సార్. పొద్దుగాల బండ్లోళ్లు ఎవరూ ఇయ్యలే.”

ఎందుకివ్వలేదో అతను చెప్పలేదు. అతని సైకిలూ క్యానూ తీసుకుని హైవే మీది బంకుకు నేనే వెళ్లాను. తిరిగొచ్చాక ట్రాక్టరు కదిలింది. పట్టా గుంతల మీదుగా మట్టిని లాగుతుంటే, దాని వెనకే మనిషి నడకంత మెల్లగా మా ఆటో నడిచింది. అక్క నా చెయ్యి వదిలేసి బయటికి చూడడం మొదలుపెట్టింది.

సంగారెడ్డి చేరేసరికి ఒకటిన్నర. డాక్టరు వెళ్లిపోయాడు. కాంపౌండరు రేపు రమ్మన్నాడు. బయట బల్ల మీద అక్క చీపురుపుల్లను కట్టులోకి దూర్చి గోక్కుంటూ కూర్చుంది. పొద్దున తాడు దగ్గర జరిగినదంతా చెప్పాను. డీజిల్ అయిపోవడానికి నా నోరే కారణమన్నాను.

“నువ్వు బంకుకు పోయినప్పుడే సలీం చెప్పిండు.”

“మరి అడగలేదేం?”

“నువ్వు చెప్తవా లేదా అని చూసిన.” మళ్లీ పుల్ల దూర్చింది. “ఇగ రాత్రంతా దురద పెట్టినప్పుడల్లా నిన్ను తిడుత. ఇంట్లనే పండుకో, వినవడాలె.”

తిట్టింది కూడా. బావ రెండుసార్లు లేచి నవ్వాడు.

మర్నాడు పెందలాడే సలీం ఆటోలోనే బయల్దేరాం. తాడు దగ్గర యాదయ్యకు పది రూపాయలిచ్చి చిల్లర వద్దన్నాను. అతను ఎనిమిది లెక్కపెట్టి నా చేతిలో పెట్టాడు.

“జాస్తి వద్దు సార్. సారు ఇచ్చిండంట అని మిగిలినోళ్లు ఇయ్యరు. అందరియ్యాలె, జెర జెర.”

కట్టు విప్పాక అక్క తన కాలు చూసుకుని, “ఇదెవరి కాలురా, గింత సన్నగున్నది” అంది. కొద్దికొద్దిగా బరువు మోపమన్నాడు డాక్టరు. తిరుగుదారిలో, చదునైన చోట ఆటో ఆపించి దిగింది. నా భుజం పట్టుకుని ఆగి ఆగి నడిచింది. అడుగు వేసే ముందు ఒక్కసారి కూడా కిందికి చూడలేదు.

నాలుగింటికి ఇస్నాపూర్‌లో మెహదీపట్నం బస్సు దొరికింది. ఆ వైపు వెళ్లేవారికి నేను చెప్పగలిగింది ఇంతే. హైవే దిగగానే తాడు కనిపిస్తుంది. దారి ఎలా ఉందో చూసి తర్వాత ఇద్దామనుకోకండి. మీ వెనక ఎవరు వస్తారో, వాళ్ల కాలు ఎలా ఉందో ఆ తాడు దగ్గర నిలబడితే కనిపించదు. నా అక్కే వస్తుందని తెలిసి కూడా నాకు కనిపించలేదు.