కోల్డ్ రూములో కాశ్మీరం

డెబ్బైల చివర్లో, గోపాలపూర్‌లో ఒక సావుకారు చేపల కోల్డ్ రూముకు నేను మెషీన్ మేస్త్రీని. బడి చదువు తక్కువ. యంత్రాల సంగతీ, మంచు సంగతీ పాత పుస్తకాలు కొని చదువుకున్నవే. మంచంటే గడ్డకట్టిన వాన అని డిగ్రీలున్నవాళ్లు అంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. కాదు. గాలిలోని ఆవిరి, మధ్యలో నీరు కాకుండానే, నేరుగా మంచవుతుంది. మేఘంలో అయితే ఓ దుమ్ము కణాన్ని పట్టుకుని ఆరు కోణాల పలుకుగా పెరిగి రాలుతుంది. మా గదిలో అయితే ఎవాపరేటర్ కాయిల్ మీద, అంటే గదిలోని వేడిని పీల్చుకునే గొట్టాల మీద, ఈకల్లా మొలుస్తుంది.

దాన్ని అప్పుడప్పుడూ కరిగించి దులిపెయ్యాలి. ఆ పనిని డీఫ్రాస్ట్ అంటాం. ఆ వేసవిలో సావుకారు నన్ను ఆ పని చెయ్యనివ్వలేదు.

“ఆ మంచు గోకీకు మేస్త్రీ. పట్నం బడా బజార్ నుంచి మా వియ్యాలోరు సముద్రం సూడ్డానికొస్తన్నారు. కాశ్మీర్ సూపిస్తానని సెప్పీసినాను.”

“మంచు మందమైతే గది చల్లబడదు సావుకారూ.”

“మంచుంటే సల్లబడదేటి? నీ పుస్తకాల్లో అలాగుందేటి?” అని పగలబడి నవ్వాడు.

వియ్యాలవారు వచ్చారు. వాళ్లను చూసి వాళ్ల చుట్టాలూ వచ్చారు. తలుపు బార్లా తీసి, మంచు ముద్దలు చేసి విసురుకున్నారు. తీసిన ప్రతిసారీ సముద్రపు తేమగాలి లోపలికొచ్చి కొత్త మంచై గొట్టాలకు పట్టింది. మంచు పలుకుల మధ్య బోలెడంత గాలి ఇరుక్కుని ఉంటుంది. ఆ గాలి దుప్పటిలా అడ్డుపడి గొట్టాల చల్లదనాన్ని గదిలోకి రానివ్వదు. యంత్రం రొద పెడుతూనే ఉంది, గది వెచ్చబడుతూనే ఉంది.

పక్కూరు ఆర్యపల్లి నుంచి చేపలు తెచ్చి అమ్ముకునే పోలమ్మ దాచుకున్న చందువా చేపలు ఆ గదిలోనే ఉన్నాయి. వేలానికి బయటికి తీసేసరికి మెత్తబడి కంపు కొట్టాయి.

“పాడైన సరుకు తెచ్చి నా గదిలో ఎట్టింది,” అన్నాడు సావుకారు, కొనేవాళ్లందరి ముందూ. వాళ్లు ఆమె గంపల దగ్గర్నించి జరిగిపోయారు. ఆ రోజు సరుకు ఎలాగూ పోయింది. ఇకమీదట ఆమె గంప ఎవరూ ముట్టుకోరేమోనన్నదే అసలు భయం.

“మేస్త్రీ బాబూ, నాను తెచ్చినప్పుడు మొప్పలు ఎర్రగా మెరిసిపోయినాయి గదా! మీరూ సూసినారు. సెప్పండి ఆలకి,” అంది పోలమ్మ.

చెబితే ఎవడు వింటాడు? కొనేవాళ్లతో, “కాశ్మీరు వియ్యాలవారికేనా? మీరూ చూద్దురుగాని రండి,” అన్నాను. వచ్చారు. వాళ్లలో పెద్దవాడు కామేసు మంచు ముట్టుకుని మురిసిపోయాడు. అతని చేతిలో థర్మామీటరు పెట్టి, కాసేపు కదలకుండా నిలబడమన్నాను.

“ఇదేటి బాబూ! ఇంత మంచులో నాను ఒట్టి బనీనుతో నిలబడ్డాను. సలెయ్యదేటి? ఈ గాజుగొట్టంలో గీత కూడా కిందకి దిగనేదు.”

అప్పుడు వేడి గ్యాసు గొట్టాల్లోకి మళ్లించి డీఫ్రాస్ట్ చేశాను. మంచు పెళ్లలు పెళ్లలుగా ఊడిపడింది. అదంతా ఊడ్చేసి, తలుపు మూసి యంత్రం నడిపాక కామేసును మళ్లీ లోపలికి పంపాను. చేతులు చంకల్లో పెట్టుకుని బయటికొచ్చాడు.

“సావుకారూ, ఆ సేపల్ని సెడగొట్టింది నీ కాశ్మీరే!”

“మెషీనే పాతది,” అని గొణిగాడు సావుకారు. పోలమ్మను అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. తర్వాతి వేలంలో ఆమె గంపకు మొదటి పాట కామేసుదే. నన్ను మాత్రం సావుకారు ఆ వేసవి దాటకుండానే పంపేశాడు. “ఎల్లు, నీ సైన్సు ఇంకోసోట సెప్పుకో!”

చెప్పుకున్నాను, చాలాచోట్ల. మంచు ఎలా పుడుతుందో పుస్తకాల్లో ఉంది, ఎవరి కోసం పెరుగుతుందో లేదు. ఆ తర్వాత ఏ కోల్డ్ రూముకు పిలిచినా, మెషీను విప్పేముందు ఈ తలుపు ఎవరు తీస్తున్నారని అడిగేవాణ్ని. యజమాని ముఖం తిప్పుకుంటే, లోపలున్న చేప ఎవరిదని అడిగేవాణ్ని.