మేడ మీద యాంటెన్నా ఉంది, ఇంట్లో టీవీ లేదు

ఇవాళ పొద్దున రేడియో లైసెన్సులు చూసే ఇన్‌స్పెక్టరు బెజవాడ గుణదలలో మా ఇంటికి వచ్చాడు. మా రేడియో లైసెన్సు చూసి, వెళ్తూ వెళ్తూ మేడ మీదికి చూసి ఆగిపోయాడు. అక్కడ చేపముల్లు లాంటి నా యాంటెన్నా ఉంది.

“టీవీ లైసెన్సు ఏదండీ?”

“టీవీ లేదండీ.”

“మీవారిని పిలవండి.”

అక్కడ మండింది నాకు. “ఆయనెందుకండీ? యాంటెన్నా నాది. మద్రాసులో పాతసామాన్ల కొట్లో బేరమాడి కొన్నదీ నేనే, రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చిందీ నేనే” అన్నాను.

మద్రాసు టీవీ బొమ్మ గానీ, హైదరాబాదు టీవీ బొమ్మ గానీ ఇంకా బెజవాడ దాకా రాదని ఆయనకీ తెలుసు. అయినా టీవీ ఎక్కడో దాచానని అనుమానం. లోపలికి పిలిచి నా బీరువా తెరిచి చూపించాను. ఇంకో మూడు పాత యాంటెన్నాలు, టీవీ ఆకారంలో బెడ్‌లైటు, మేరీమాత తిరునాళ్లలో కొన్న బుల్లి ప్లాస్టిక్ టీవీ. దాన్ని కంటికి ఆనించుకుని మీట నొక్కితే లోపల బొమ్మలు మారతాయి. ఆయన బొమ్మలన్నీ అయ్యేదాకా నొక్కాడు. మళ్లీ మొదటి నుంచి నొక్కాడు.

తర్వాత గొంతు సవరించుకుని, “టీవీ లేనప్పుడు అది దించేయండమ్మా, చూసినవాళ్లు నవ్వుతారు” అన్నాడు.

నవ్వనివ్వండి. బెజవాడకి బొమ్మ వచ్చిన రోజున అందరూ యాంటెన్నాల కోసం పరిగెత్తుతారు, నేను కుర్చీ వేసుకుని కూర్చుంటాను. మీరైతే దించేవారా, చెప్పండి?

నేను మాత్రం సాయంత్రం రెండోది కూడా ఎక్కించాను. కింద నిచ్చెన పట్టుకున్నది మావారే.