రక్తం ముక్కులది, భయం టీబీది

ఐదో నెల పడ్డంక ఒక పొద్దున పండ్లు తోముకుంట ఉమ్మితె రక్తం పడ్డది. ఎర్రగ, తెమడల కలిసి. అప్పటికే ముక్కు మూసుకపోయి నెల దాటింది. నోరు తెరుచుకోని పండుడు, లేస్తె గొంతు ఎండిపోయి గరగర. జలుబా అంటె జలుబు గాదు, తుమ్ము లేదు, కారుడు లేదు. మాది అల్లం పండిచ్చె ఇల్లు. జహీరాబాద్ చుట్టుపక్కల ఏ రోగానికైన అల్లమే మందు. పూటకో గ్లాసు కషాయం పోసిన్రు. ముక్కు తెరుచుకోలేదు గని గొంతు మండిపోయింది. వద్దంటె "గింత కషాయం తాగలేనిదానివి బిడ్డనెట్ల కంటవ్?" అని నవ్వెటోళ్లు.

రక్తం సంగతి చెప్తె మా అత్తమ్మ నవ్వలేదు. మా మామ నా పెండ్లికి ముందే టీబీతోని పోయిండు. ఆయనకు గూడ మొదాలు ఉమ్ముల గిట్లనే ఎర్ర చారలు కనవడ్డయట. ఆ దినమే నా కంచం, గ్లాసు వేరైనయి. మంచం వరండాలకొచ్చింది. అత్తమ్మ దగ్గరికొచ్చి తిట్టినా బాగుండు, దూరం నిలవడి మంచిగ మాట్లాడేది. గదే నాకు ఎక్కువ బాధైంది.

దవాఖానల డాక్టరమ్మ ముక్కుల టార్చి కొట్టి చూసింది. "ఇది ప్రెగ్నెన్సీ రైనైటిస్. కడుపుతోని ఉన్నప్పుడు ముక్కు లోపలి పొర ఉబ్బుతది, రక్తనాళాలు జర్రంతకే చిట్లుతయి. ఆ రక్తమే గొంతులకు దిగుతుంది. కాన్పైతె పోతది" అన్నది. అనుమానం ఎందుకని స్పూటం టెస్ట్, అంటె తెమడ పరీక్ష గూడ చేయించింది. నెగెటివ్ వచ్చింది. ముక్కుల ఉప్పునీళ్ల చుక్కలు, తలకింద ఎత్తుగ మెత్తలు, కషాయం బంద్. అత్తమ్మ ఎక్స్‌రే తీయమని అడిగింది. "కడుపుల బిడ్డ ఉన్నది, ఇప్పుడు అవసరం లేదు. కాన్పైనంక చూద్దాం" అన్నది డాక్టరమ్మ.

బయటికొచ్చినంక అత్తమ్మ మెల్లగ, "మా ఆయనకు గూడ మొదాలు ఏం లేదనే అన్నరు" అన్నది. అది ఇని నాకు గూడ గుబులు పట్టుకున్నది.

చుక్కలతోని జర ఆసరైంది. గని ఏడో నెలల ముక్కుకెళ్లి రక్తం ఆగకుంట కారి కొంగంత తడిసింది. దవాఖానల ప్యాకింగ్ అని దూది కుక్కిన్రు. గా రక్తం చూసి ఇంట్ల నిశ్చయం చేసేసిన్రు. బిడ్డ పుట్టంగనే మొగుడంపల్లిల ఉండె మా ఆడబిడ్డకియ్యాలెనట. ఆమెకు చంటిపిల్లగాడు, పాలున్నయి. అమ్మ లేనిదాన్ని, ఎవలకు చెప్పుకోవాలె? మా ఆయన్నడిగితె "అమ్మ భయం నీకు తెల్వదా, కొన్ని దినాలే గదా" అన్నడు. కొన్ని దినాలట! కనేది నేను గాదా? కొట్లాడుదమన్నా పానంల సత్తువ లేకుండె. నిద్ర లేక, ఊపిరాడక గంత అలిసిపోయిన.

ఆడపిల్ల పుట్టింది. ఆడబిడ్డ పక్క మంచం మీద కూసోని పాలిచ్చింది. బిడ్డ గుటకలేస్తుంటె నాకు ఇనవడుతున్నది, నా రైక తడుస్తున్నది. గోడ దిక్కు మల్లి ఏడ్సిన.

రౌండ్‌కొచ్చిన డాక్టరమ్మ చూసి, "తల్లి ఉండంగ గీమె ఎందుకిస్తుంది?" అని అడిగింది. సంగతి తెలిసి గరమైంది. అన్న మాట ప్రకారం ఎక్స్‌రే తీయించింది. "లంగ్స్ క్లియర్" అన్నది. అత్తమ్మ ఆ ఫిల్మ్ అడిగి తీస్కోని కిటికీ వెలుగుకు పెట్టింది. చదువు రాదామెకు. "మా ఆయన దాంట్ల ఈడ తెల్లగుండె. ఇగో, ఈడ గూడ" అనుకుంట ఏలు పెట్టి పెట్టి చూసింది. నా దాంట్ల ఆ జాగలన్ని నల్లగనే ఉన్నయి. మామ ఫిల్మ్ ఎన్నిసార్లు చూసుకున్నదో పాపం. తర్వాత ఆడబిడ్డ ఒళ్లకెళ్లి బిడ్డను తీసి నా ఒళ్ల పెట్టింది.

"పాలియ్యి, ఆకలి మీద ఉన్నది" అన్నది. అంతే.

కాన్పైన కొన్ని దినాలకు ముక్కు దానంతట అదే తెరుచుకున్నది. పిల్ల ఇప్పుడు బడికి పోతుంది. రెండో కాన్పుల గూడ నా ముక్కు మూసుకున్నది, గొంతు బొంగురువోయింది, నిద్ర చెడ్డది. ఎవ్వలు భయపడలేదు, నేను గూడ.

చెల్లెండ్లారా, ఉమ్ముల రక్తం కనవడితె దాయకుండ్రి. తెమడ పరీక్ష చేయించుకోండ్రి, ముక్కు గూడ చూపిచ్చుకోండ్రి. ఇంట్ల ఎవలకు ఎక్కువ భయమున్నదో వాళ్లను ఎంబడి తీస్కపోయి, నోటితోని చెప్పుడు గాదు, కండ్లకు చూపెట్టి చెప్పమని డాక్టర్‌ను అడుగుండ్రి. మా అత్తమ్మకు కావాల్సింది గదే. అన్ని నెలలల్ల మాకెవ్వలకు తోచలేదు.