గంప దించిన అరుగు

ఈ పొద్దున మా కోడలు బియ్యం కడిగిన గిన్నె పట్టుకొచ్చి, "అత్తా, ఈ నీళ్ళు పారబోసేదా?" అంది. లబోదిబోమని గిన్నె లాక్కున్నాను. "కడుగమ్మా అది! పారబోస్తే చేపల నీచు ఎట్టా పోద్ది?" సంగం పిల్ల. వరి గురించి ఎంతైనా చెబుతుందిగానీ ఈ మాట వినలేదట. మా మైపాడులో బియ్యం కడగడమూ కడుగే, ఆ నీళ్ళూ కడుగే. వంజరం ముక్కల్ని కల్లుప్పుతో రుద్ది, కడుగు పోసి తిప్పితే పక్కింటికి కూడా వాసన పోదు. ఈ మాట ఎక్కడ పుట్టిందో పండితులు చెప్పాలి. నా మటుకు మా అమ్మ చేపల గిన్నెలో పుట్టింది. అందులో ఉన్న ఇంకో సంగతి మాత్రం ఈ కోడలి పుట్టింటి అరుగు మీద తెలిసింది.

చిన్నప్పుడు సెలవల్లో అమ్మ వెంట బస్సులు మారి సంగం వెళ్ళేదాన్ని. ఆ పెద్దింటి అరుగు మీద అమ్మ చేపల గంప దించేది. ఆ ఇంటావిడ, అప్పటికి కొత్తగా కాపురానికొచ్చిన మనిషి, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని మరీ మంచి చేపలన్నీ ఏరుకునేది. చేపలు వంటింట్లోకి, మేము వీధిలోకి. గేటు దాటకముందే పనిమనిషికి కేక వినపడేది, "ఏమే, ఆమె కూచున్న చోటు కడుగు!" గంప దించిన చోటు కాదు, అమ్మ కూచున్న చోటు. అమ్మ విననట్టు తలమీద గుడ్డచుట్ట సర్దుకునేది. నాకు కడుపు మండిపోయేది. ఆ మంటని చల్లారనివ్వకుండా ఇన్నేళ్ళూ అపురూపంగా దాచుకున్నాను.

నెల్లూరులో ఒకే ఆఫీసులో పనిచేసే మావాడూ ఒక పిల్లా ఇష్టపడ్డారు. ఆ పిల్లది ఏ ఇల్లో తెలిశాక ఎగిరి గంతెయ్యబోయి ఆపుకున్నాను. పిల్ల అమ్మానాన్నలు అయిష్టంగానే ఒప్పుకుని, గుట్టుగా రిజిస్టరు పెళ్ళి చేసేద్దామని కబురంపారు. "బంగారం వద్దు, సారె వద్దు. పెళ్ళి మాత్రం మీ అరుగు మీదే జరగాల. మావాడి కాళ్ళు కడగాల" అన్నాను. "ఎందుకమ్మా ఇదంతా?" అని మావాడు నసిగాడు.

పెళ్ళినాడు ఆ ఇంటాయన వంగి పళ్ళెంలో మావాడి పాదాలు పట్టుకున్నాడు. ఆవిడ చెంబుతో నీళ్ళు పోస్తోంది. నేను రెప్ప వెయ్యకుండా చూస్తున్నాను. పక్కన మా అమ్మ. ఆ అరుగు మీద కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. అన్నేళ్ళూ అక్కడ నోరెత్తని మనిషి, అందరికీ వినపడేలా అంది:

"మడమ కాడ తడవలా. బాగా కడుగమ్మా."

ఆవిడ తలెత్తి మా అమ్మ ముఖంలోకి చూసింది. గుర్తుపట్టింది. చెంబు మళ్ళీ ముంచింది. పళ్ళెం నిండి నీళ్ళు అరుగు మీదికి పొర్లాయి. అన్నీ కాలమే కడుగుతుందిలే అని మేము ఊరుకునుంటే, ఆ అరుగు ఇవాళ్టికీ మురికిగానే ఉండేది.