ఠండా అన్న మాట

డెబ్బైల చివర, ఒక చలికాలం పొద్దున, జంషెడ్‌పూర్ ఆసుపత్రిలో నాకు తొలి కాన్పు అయింది. పెళ్లయి ఆ ఊళ్లోనే గోల్‌మురిలో ఉన్న కంపెనీ క్వార్టర్‌కు వచ్చి అప్పటికి ఏడాదే. నాకు తెలిసిన హిందీ అంతా కూరగాయల బండి దగ్గర నేర్చుకున్నదే.

బిడ్డ ఏడుపు వినపడలేదు. ఆయా గుడ్డలో చుట్టి తీసుకుపోతూ, "బచ్చా ఠండా హో గయా" అంది. బిడ్డకు చలేస్తోందనుకున్నాను. సంచిలోంచి నేను అల్లిన పసుపు స్వెటర్ తీసి ఆమె చేతిలో పెట్టి, "తొడుగు, జల్దీ తొడుగు" అన్నాను. నా మొహం చూడకుండా తీసుకుపోయింది.

సాయంత్రం మా అత్త అర్థం చెప్పింది. "సలేసింది కాదే పిల్లా, పేణం నేదని సెప్పిందే." అప్పటికే పూడ్చేశారు. ఒక్కసారి చూపించాల్సిందంటే, "సూసి ఏటి సేత్తావు? మరిసిపో" అంది.

రెండు నెలలకు ఒక డాక్టరమ్మ మా ఇంటికొచ్చింది. ఇలా పుట్టే బిడ్డల మీద పరిశోధనట. ఏం తిన్నాను, ఎన్ని బిందెలు మోశాను, ఎన్ని ఉపవాసాలున్నాను అని గంటసేపు అడిగింది. అత్తే నా తరఫున హిందీలో జవాబులిచ్చింది.

ఆ రెండు నెలలూ నేను ఒకే ఒక్క హిందీ వాక్యం వల్లె వేసి పెట్టుకున్నాను. "స్వెటర్ పహనాయా థా?" తొడిగారా అని. డాక్టరమ్మ కాగితాలు తిరగేసి, అలాంటిదేమీ రాసి లేదంది.

"అయితే ఇప్పుడు రాయమనండి, తల్లి అడిగిందని" అన్నాను అత్తతో, తెలుగులో. అంతసేపూ నా తప్పులన్నీ గడగడా హిందీలో అప్పజెప్పిన అత్త, ఆ ఒక్క మాట చెప్పలేదు.