గుప్పెడు మైదా

రియాద్‌లో ఓ ఇంట్లో వంటపని చేసే మాబున్నీకి గ్రాముల లెక్క ఒంటబట్టలేదు. మేడమ్ ఇచ్చే కేకు కాగితంలో పావుకిలో మైదా అని ఉంటే, రాయచోటి నుంచి తెచ్చుకున్న స్టీలు గ్లాసుతో రెండుసార్లు ముంచి, అంచును వేలితో చదును చేస్తుంది. కొలత ఎన్నడూ తప్పలేదు.

ఆ శుక్రవారం కూతురు ఫోన్ చేసింది. "అమ్మా, కేకు చేస్తాండా. మైదా ఎంతెయ్యాల?"

"మన స్టీలు గ్లాసుతో రెండు."

"అది నువ్వు తీస్కపోతివి కదమ్మా!"

మాబున్నీ చేతిలోని గ్లాసు వైపు చూసుకుంది. "అయితే గుప్పిళ్లతో ఎయ్యి. ఆరు."

"నీ గుప్పెడా, నా గుప్పెడా?"

ఏడేళ్ల కిందట రియాద్‌కు బయలుదేరుతూ బస్టాండులో వదిలినప్పుడు కూతురి చెయ్యి మాబున్నీ గుప్పిట్లో మొత్తం ఇమిడిపోయింది. ఇప్పుడెంత ఉందో!

"యాదీ, నీ చెయ్యి చూపియ్యి," అంది. కూతురు వీడియో ఆన్ చేసి చెయ్యి చాపింది.

ఫోన్లో ఎవరి చెయ్యయినా ఫోనంతే కనిపిస్తుంది.