‘తర్వాత’ ఫోటో

శ్రీకాకుళంలో ఒక నిరాశ్రయుల వసతి గృహంలో నేను కొన్నాళ్ళు కేస్ వర్కర్‌గా చేశాను. రోడ్డు మీద బతికేవాళ్ళను తీసుకొచ్చి, వాళ్ళ గోడు విని, ఏదో ఒక దారి చూపించడం మా పని. నేను జీతం కోసమే చేరాను. అలా చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. జీతం కోసం కాదని చెప్పుకునేవాళ్ళను చూస్తేనే నాకు ఒళ్ళు మండేది.

మా మేనేజరు గారు రోజూ "ఇది ఉద్యోగం కాదమ్మా, నారాయణ సేవ" అనేవారు. ఆ నారాయణులకు వడ్డించే పప్పు నీళ్ళలా ఉండేది. ఆయన క్యారేజీ మాత్రం ఇంటి నుంచి వచ్చేది.

సీనియర్ మేడం గారికి పుణ్యంతో పని లేదు, పేరు కావాలి. పెద్ద చదువు చదివింది, విజయనగరం ఆవిడ. హాలు గోడ నిండా ఫోటోలు పెట్టించింది. మనిషికి రెండేసి. ఒకదాని కింద ‘ముందు’, ఇంకోదాని కింద ‘తర్వాత’. వచ్చిన మనిషి శుభ్రంగా ఉంటే ఆవిడకు నచ్చేది కాదు. జుట్టు విప్పించి, చెత్తకుప్ప పక్కన కూర్చోబెట్టి ‘ముందు’ తీయించేది. దాతలు ఇచ్చిన చీర కట్టించి ‘తర్వాత’ తీయించేది, పక్కన తను నిలబడి. సొమ్మొకడిది, సోకొకడిది.

ఆ వానాకాలం అరసవల్లి రోడ్డులో జ్వరంతో పడి ఉన్న ఒకావిడను నేనే బతిమాలి తీసుకొచ్చాను. ఆవిడది శ్రీకూర్మం అవతల సముద్రపు ఒడ్డు ఊరు. ఏళ్ళ కిందట భర్త ఊళ్ళో మగవాళ్ళతో కలిసి గుజరాత్ బోట్ల మీద చేపల వేటకు వెళ్ళాడు. అందరూ తిరిగొచ్చారు, అతను రాలేదు. నీళ్ళలో పడిపోయాడని ఒకరన్నారు, వేరే రేవులో దిగిపోయాడని మరొకరన్నారు. ఇన్నేళ్ళలో శవమూ రాలేదు, కబురూ రాలేదు. మరిది గుడిసె కాజేసి బయటికి గెంటితే, అరసవల్లి లాడ్జీల ముందు ఊడ్చుకుంటూ బతికింది. ఎంత జ్వరంలోనూ నుదుటి మీద రూపాయి కాసంత బొట్టు, చేతులకు గాజులు ఉండాల్సిందే.

జ్వరం తగ్గింది. అంతలో ఎవరో పెద్ద అధికారి తనిఖీకి వస్తున్నాడని తెలిసింది. మేడం గారికి కొత్త ఫోటో కావలసి వచ్చింది. మొగుడు ఏమయ్యాడో తెలియని మనిషి అంటే ఎవరికీ జాలి పుట్టదట. వితంతువు అంటే వెంటనే గుండె కరుగుతుందట.

"ఆయన పోయారని ఎవరు చెప్పారు మేడం?" అన్నాను.

"ఇన్నేళ్ళు రాలేదంటే ఏంటి అర్థం? కొంచెం ప్రాక్టికల్‌గా ఆలోచించు" అంది. నేను మళ్ళీ అడ్డు చెప్పేసరికి ఇంగ్లీషు పోయి సొంత ఊరు బయటికొచ్చింది. "నువ్వు నాకు సెప్పొచ్చేదానివా? నోరు మూసుకోని పక్కకి నిలబడు!"

‘తర్వాత’ ఫోటో కోసమని తెల్లచీర కట్టించారు. ఫోటో తీసేటప్పుడు చప్పుడు చేస్తాయని చెప్పి గాజులు తీయించారు. అంతవరకూ ఆవిడ ఊరుకుంది. పెద్దవాళ్ళు చెప్పారు కదా అనుకుంది పాపం. అప్పుడు మేడం గారు తన చేతిరుమాలు తడిపి, బిడ్డ మూతి తుడిచినంత ప్రేమగా, ఆవిడ బొట్టు తుడిచేసింది. ఆ మేడం గారు, ఆదివారం వస్తే సూర్యనారాయణ స్వామి దర్శనం తప్పని మనిషి, తన నుదుటి స్టిక్కరు కాస్త పక్కకు జరిగితే అద్దం దగ్గరికి పరుగెత్తే మనిషి! ముత్తయిదువ బొట్టు తుడవడమంటే ఏమిటో తెలియని ఊరేం కాదు మాది.

ఆవిడ నుదుటి మీద చెయ్యి పెట్టుకుని చూసుకుంది. ఆ చెయ్యి మేనేజరు గారు పట్టుకుని కిందికి దించారు. "నవ్వమ్మా" అన్నారు. ఫోటో తీశారు.

సాయంత్రం అధికారి వచ్చి ఆ ఫోటో ముందు కాసేపు నిలబడి "అయ్యో పాపం" అన్నాడు. మేడం గారిని మెచ్చుకున్నాడు. నాకు మేడం, మేనేజరు ఇద్దరి ముఖాల మీదా ఉమ్మాలనిపించింది.

మర్నాడు పొద్దున్నే ఆవిడ తన పాత చీర కట్టుకుని మూట సర్దుకుంది. "ఎంత చేసినా వీళ్ళకు విశ్వాసం ఉండదు" అని మేడం గారు నిట్టూర్చింది. నేను గేటు దాకా వెంట వెళ్ళాను. ఆ వానలో మళ్ళీ రోడ్డు మీదికి వెళ్ళొద్దని చెప్పబోయాను గానీ, ఏ ముఖం పెట్టుకుని చెప్పను?

ఆవిడే ఆగి అడిగింది. "ఆ బొమ్మ గోడకే ఉంచుతారేటి తల్లీ?"

"ఉంచుతారమ్మా."

"తీసీమని నువ్వైనా సెప్పు. ఆడికి సదువు రాదు, బొమ్మొకటే సూత్తాడు. ఎప్పుడైనా నన్ను ఎతుక్కుంటూ ఇటొచ్చి, ఆ మొకం సూసినాడనుకో... నాను ఆడి మీద ఆశ ఒదిలీసినాననుకుంతాడు."